బొట్టంత ఎత్తు

మీ ఇంటికి కొత్త బండి వచ్చిన రోజున, ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి హారతి ఇస్తున్న ఆ కాసేపూ, మీ ఇంట్లో ఎవరు తలుపు వెనక నిలబడ్డారో ఎప్పుడైనా చూశారా? చూడలేదంటే నేను నమ్మను. చూసే ఉంటారు, చూడనట్టు ఊరుకుని ఉంటారు. నా ఈడు వాళ్ళమంతా ఆ విద్యలో ఆరితేరినవాళ్ళమే.

పోయిన నెల ఖరగ్‌పూర్‌లో మా సుభాష్‌పల్లి వీధిలో, సరిగ్గా మా పక్కింటి ముందు, అటువంటి తతంగమే జరిగింది. ఆ ఇంటి మనవరాలు ఉద్యోగంలో చేరి, తన సంపాదనతో చిన్న ఎర్ర కారు కొనుక్కుంది. బంతిపూల దండ, కొబ్బరికాయ, ముందు చక్రాల కింద చెరొక నిమ్మకాయ, చక్రాల మీద గంధం, గంధం మీద కుంకుమ. వీధంతా బయటికొచ్చి ముచ్చటగా చూస్తోంది. ఆ పిల్లను ఎత్తుకుని పెంచిన నాయనమ్మ మాత్రం, ఎవరూ పొమ్మనకుండానే, కొంగు భుజం చుట్టూ లాక్కుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ ఇంటి తాతగారు పోయి ఇంకా ఏడాది నిండలేదు. తలుపు సందులోంచి ఆవిడ కొంగు అంచు కనిపిస్తూనే ఉంది. మా అరుగు మీద కుర్చీలో కూర్చుని, ఆ కొంగు అంచునూ చక్రం మీది బొట్టునూ మార్చి మార్చి చూస్తూ ఉంటే, నాకు అరచేతిలో పట్టే మరొక బండీ, దాని ముందు చక్రాలను సరిచేస్తూ వంచిన తల ఎత్తకుండా కూర్చున్న మా చిన్నత్తా గుర్తుకొచ్చారు.

చిన్నత్త అంటే మా నాన్నకి ఆఖరి చెల్లెలు. నాకంటే ఆరేడేళ్ళు పెద్దదేమో, అంతకంటే ఉండదు. పెళ్ళయిన కొద్ది కాలానికే ఆవిడ భర్త జ్వరం తగిలి పోయాడు. ఆయన రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవాడు కనుక ఆ ఆధారం మీద ఆవిడకి ఆఫీసులో ఉద్యోగం ఇచ్చారు. పగలు ఆఫీసు, సాయంత్రం మా క్వార్టర్‌లో వెనక గది, అదీ ఆవిడ లోకం. శుభకార్యాలకి పిలుపు వస్తే ఇంటిల్లిపాదీ వెళ్ళేవాళ్ళం, ఆవిడ ఇంటికి కాపలా ఉండేది. అలా ఉండమని ఎవరూ చెప్పగా నేను వినలేదు. చెప్పనక్కర్లేకుండా జరిగిపోవడంలోనే ఆచారం బలమంతా ఉంది. నేను అప్పుడే తెలుగు బడిలో పంతులుగా చేరాను. సాయంత్రాలు చర్చావేదికల్లో గొంతు చించుకునేవాణ్ణి. ఒక మంచి ఉపన్యాసం దంచితే ఏ మూఢనమ్మకమైనా పారిపోతుందని గట్టిగా నమ్మే వయసు.

ఇక ఆ బండి సంగతి. మా రైల్వే కాలనీలో ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు, కుటుంబంతో ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ, తన పిల్లలు ఆడుకున్న బొమ్మ కార్ల పందెం సెట్టు ఒకటి కాలనీ క్లబ్బుకి ఇచ్చి వెళ్ళాడు. వర్క్‌షాపు మనుషులు చేతికొచ్చిన వస్తువును ఉన్నదున్నట్టు ఉంచరు కదా. ఏడాది తిరిగేసరికి హాలు సగాన్ని ఆక్రమించే ప్లైవుడ్ బల్ల తయారైంది. దాని మీద పాముల్లా వంపులు తిరిగే గాళ్ళు, ఒక్కొక్క గాడికి రెండు వైపులా రాగి రేకు, రేకుల్లోకి చిన్నపాటి కరెంటు. బండి ముక్కు కింద నాలుకలాంటి బిళ్ళ ఒకటి ఉంటుంది, అది గాడిలోకి దిగి బండికి దారి చూపిస్తుంది, రేకుల నుంచి కరెంటూ అందుకుంటుంది. ఆడేవాడి చేతిలో ఒక మీట. గట్టిగా నొక్కితే వేగం, వదిలితే నెమ్మది. వంపు దగ్గర వదలడం మరిచామా, బండి గాల్లోకి లేచి అవతలి వాడి ఒళ్ళో పడేది. పడిన ప్రతిసారీ హాలంతా ఒక్క గొంతుతో “గాడి తప్పింది!” అని అరిచేది. బెంగాలీ పిల్లలకి తెలుగులో మొట్టమొదట వచ్చిన మాట అదే. ఆ మాట నాకెప్పుడూ గిట్టేది కాదు, ఎందుకంటే ఈ బల్ల చుట్టూ తప్ప మిగిలిన లోకంలో అది ఆడవాళ్ళ మీద విసరడానికే వాడేవారు.

మా తెలుగు జట్టుకి పెద్ద మా మావయ్య, అంటే మా అమ్మకి అన్న. వర్క్‌షాపులో వ్యాగన్ చక్రాల పని. ఆయన మా బండి ముందు చక్రాలను ఎంతో ముచ్చటపడి లేతు యంత్రం మీద తిప్పి తయారుచేశాడు. తిప్పి, రెండింటినీ ఒకే ఇరుసుకి కదలకుండా బిగించేశాడు. రైల్వేవాడు తప్ప ఇంకెవడూ చెయ్యని పొరపాటు అది. వ్యాగన్‌కి అలాగే ఉంటాయి, అక్కడ పట్టాల మీద చక్రానికి కొంత ఏటవాలు ఇస్తారు కనుక వంపులో సర్దుకుపోతుంది. మా బొమ్మ బండికి ఆ ఏర్పాటు లేదు. వంపులో బయటి చక్రం ఎక్కువ దూరం పరిగెత్తాలి, లోపలిది తక్కువ. రెండింటినీ కలిపి కట్టేస్తే ఒకదాన్నొకటి ఈడ్చుకుంటాయి, బండి ముక్కు పక్కకి తోసుకుపోతుంది. ఈ సంగతి మాకెవరికీ తట్టలేదు. పూజలు పెంచాం గాని ఇరుసు ముట్టుకోలేదు.

ఒక ఆదివారం నేను పట్టుబట్టి చిన్నత్తని హాలుకి తీసుకెళ్ళాను. వెనక బల్ల మీద, గోడకి ఆనుకుని, కనపడకుండా కూర్చుంది. చాలాసేపు చూశాక మావయ్యని అడిగింది. వాళ్ళది వరస కలిసిన బంధుత్వం కనుక ఆయన్ని బావా అని పిలిచేది.

“బావా, ఆ రెండు సక్రాలికీ అలా ముడేసినావేటి? ఒకటి ఆగిపోతే రెండోది కూడా ఆగిపోవాలా?”

మావయ్య నవ్వబోయి, ఎందుకో నవ్వలేక, బండి తిరగేసి చూసుకున్నాడు. ఆ రాత్రికే ఒక చక్రాన్ని ఇరుసు మీద వదులుగా తిరిగేటట్టు మార్చాడు. మర్నాడు మా బండి వంపులో కీచుమనలేదు. నేను నా ఉపన్యాసాలన్నిట్లోనూ కలిపి అంత సూటి ప్రశ్న ఎన్నడూ అడగలేదని ఇవాళ చెప్పుకోవడానికి నాకేమీ బిడియం లేదు.

అప్పటినుంచి ముందు చక్రాల పని ఆవిడది. ఆ చక్రాలు బండిని నడపవు, నడిపేవి వెనక చక్రాలు. తిప్పవు కూడా, తిప్పేది గాడిలోని నాలుక. అవి ఉన్నది బండి ఒరిగిపోకుండా ఆనడానికి మాత్రమే. అందుకే అందరికీ చిన్నచూపు. కాని వాటి ఎత్తు దగ్గర వెంట్రుకవాసి తేడా వస్తే అంతా చెడుతుంది. చక్రాలు కిందికి ఎక్కువ దిగితే ముక్కు పైకి లేచి నాలుక గాడిలోంచి ఊడివస్తుంది. మరీ గాల్లో వేలాడితే వంపులో బండి పక్కకి ఒరుగుతుంది. నాలుక గాడిలో పూర్తిగా కూర్చోవాలి, చక్రాలు నేలని తాకీ తాకనట్టుండాలి. దీన్ని చూసుకోవడానికి బొత్తిగా సమతలంగా ఉండే పలక ఒకటి కావాలి. చిన్నత్త అటక మీంచి తన పెళ్ళినాటి అద్దం దింపింది. బొట్టు పెట్టుకునే పని ఇక లేదని మా మామ్మ, అంటే చిన్నత్త కన్నతల్లి, గుడ్డ చుట్టి పైన పెట్టేసిన అద్దం అది. దాన్ని బల్ల మీద పడుకోబెట్టి, బండి నిలబెట్టి, చక్రం కింద ట్రేసింగ్ కాగితం ముక్క జొనిపి, అది రాసుకుంటూ జారుతోందా, ఇరుక్కుంటోందా, ఊరికే వచ్చేస్తోందా అని చూస్తూ కూర్చునేది. ఆ అద్దంలో ఆవిడ ముఖం కూడా కనిపించేదని ఇంట్లో ఎవరికీ తోచలేదు.

ఇంకో చిక్కు ఉండేది. ముందు చక్రాల రబ్బరు బల్లని మరీ గట్టిగా పట్టుకుంటే వంపులో పక్కకి జారవు, జారకపోతే ముక్కుని గాడిలోంచి లాగేస్తాయి. వాటి పట్టు తగ్గించాలి, పైన నున్నటి పూత ఒకటి వెయ్యాలి. ఏవేవో పూసి చూసి, చివరికి చిన్నత్త ఖరిదా బజారుకి పోయి, నలుగురూ చూస్తుండగా, ఎర్రటి నెయిల్ పాలిష్ సీసా కొనుక్కొచ్చింది. రంగులేనిది దొరకలేదు. సీసా కంటే ముందు కబురు ఇంటికి చేరింది. మామ్మ వీధి గుమ్మంలోనే నిలబడి ఉంది.

“గోళ్ళరంగు కొన్నావంట కదే? బజారు బజారంతా సూసిందంట. ఏటే ఇది?”

“నాక్కాదమ్మా, బండికి.”

“బండికి గోళ్ళెక్కడున్నాయే?”

వంటింట్లో నాకు నవ్వాపుకోలేక తాగుతున్న మంచినీళ్ళు పొలమారాయి. చిన్నత్త మాత్రం ఓపికగా బండి తెచ్చి, చక్రం తిప్పి చూపించి, రబ్బరు పట్టు సంగతంతా చెప్పింది. మామ్మకి ఎంత అర్థమైందో తెలియదు. సీసా మాత్రం తన చేత్తో తీసుకెళ్ళి, ఎవరికీ కనపడకుండా, బియ్యం డబ్బా వెనక పెట్టింది. పారెయ్యలేదు, గమనించండి.

మా ఊళ్ళో విశ్వకర్మ పూజ అంటే ఎలా ఉంటుందో ఖరగ్‌పూర్‌లో పెరిగినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. వర్క్‌షాపు గేట్లు ఇళ్ళవాళ్ళ కోసం తెరుస్తారు, యంత్రాలకి దండలు వేస్తారు, ఆకాశం నిండా గాలిపటాలు. ఆ సాయంత్రమే క్లబ్బు హాల్లో బండ్ల పందెం. ఆ ఏడు మా జట్టు తరఫున మీట పట్టేది చిన్నత్త. క్లబ్బు సెక్రటరీ, మేమంతా దాదా అని పిలిచే బెంగాలీ పెద్దాయన, నల్లబల్ల మీద సుద్దతో ఆవిడ పేరు రాశాడు. మావయ్య సరేనన్నాడు. ఆవిడ కూడా ఆఫీసు నుంచి వచ్చి, ఉతికిన తెల్ల చీర కట్టుకుని, నలుగురిలోకి, అంత వెలుతుర్లోకి, అదే మొదటిసారి వచ్చి నిలబడింది. మామ్మ కూడా వచ్చింది, వెనక వరసలో కాలనీ ఆడవాళ్ళ మధ్య కూర్చుంది.

చిన్నత్త రాకముందే మావయ్య బండికి పూజ చేసేశాడు. ముందు చక్రాల కింద నిమ్మకాయ పెట్టబోతే నిమ్మకాయ బండి కంటే ఎత్తుగా ఉంది. జనం నవ్వారు. ఆయన ఏమాత్రం తగ్గకుండా నిమ్మకాయ కోసి, గింజలు తీసి, ఒక్కో చక్రం కింద ఒక్కో గింజ పెట్టి తొక్కించాడు. తరవాత చిక్కటి గంధం అరగదీసి, ఆ పావలా కాసంత చక్రాలకి, అందరికీ ఎదురుగా కనపడాలని రబ్బరు మీదనే, చెరొక బొట్టు పెట్టి కుంకుమ అద్దాడు. ఎంతో ప్రేమగా చేశాడు. ఆయన్ని నేను ఆక్షేపించను, ప్రేమకి కాగితం జొనిపి కొలుచుకునే అలవాటు ఉండదు.

పందేనికి ముందు సరిచూసుకునే పరుగులో చిన్నత్త మీట నొక్కింది. బండి తిన్నగా సాగినంతసేపూ ముక్కు టకటకమని ఎగురుతూ పోయి, మొదటి వంపులోనే లేచి అవతల పడింది. గాడి తప్పింది అన్నారు. మళ్ళీ పెట్టారు. మళ్ళీ అక్కడే. ఈసారి ఎవరూ అరవలేదు. వెనక వరసల్లోంచి గుసగుస మొదలైంది. పూజ చేసిన బండినీ, ఆ చేత్తో ముట్టుకుంటే మరేటవుతాదమ్మా అని ఎవరో పైకే అన్నారు. మామ్మ ముఖం పాలిపోయింది. లేచి వచ్చి కూతురి చెయ్యి పట్టుకుంది.

“రాయే, ఇంటికెలిపోదాం. అందరి నోళ్ళల్లోనూ పడొద్దు.”

నేనేం చేశానని అడక్కండి. ఒక స్టూలెక్కి ఉపన్యాసం అందుకున్నాను. మానవుని వివేకం అంటూ ఏదో మొదలుపెట్టానో లేదో, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కూర్చున్న కుర్రాడు, “మేస్టారూ, సభ తరవాత పెట్టుకుందురుగాని, ముందు ఆ తీగ మీంచి స్టూలు తియ్యండి,” అన్నాడు. హాలంతా గొల్లుమంది. నేను దిగాను.

చిన్నత్త తల్లి చెయ్యి విడిపించుకుంది. కోపం లేదు ఆవిడ గొంతులో.

“బావా, నేను గేటు అవతల కిళ్ళీ కొట్టుకాడ నిలబడతాను. నన్ను సూడకండి, నేను ఇటు సూడను. నువ్వు మీట పట్టు. బండి గాడి తప్పకపోతే ఇక ఈ హాల్లో నేను అడుగెట్టను, మళ్ళీ పిలవొద్దు. తప్పితే మాత్రం వచ్చి నన్ను పిలవండి.”

వెళ్ళిపోయింది. గేటు దాటాక కూడా మేం కిటికీలోంచి ఆ తెల్ల చీరనే చూస్తున్నాం. ఆవిడ చెప్పిన ఆ మాటకి అర్థం మా అందరికీ తెలుసు. ఈ బండి ఇప్పుడు సాఫీగా పరిగెడితే ఆవిడ జన్మంతా వెనక గదే, తన మీద వేసిన నిందకి తన నోటితోనే ముద్ర వేసినట్టే. మావయ్య చేతులు తుడుచుకుని మీట పట్టాడు. మా జట్టు గెలవాలని ఏళ్ళ తరబడి కోరుకున్నవాణ్ణి, ఆ ఒక్కసారి మా బండి పడిపోవాలని కోరుకున్నాను.

మొదటి వంపు. అదే చోట. బండి లేచి పడింది.

అందరికంటే ముందు మాట్లాడింది మామ్మే. “అది బయటుంది కదరా,” అంది, హాల్లో ఎవర్నీ కాకుండా, తనలో తను లెక్క సరిచూసుకుంటున్నట్టు. “అది ఈడ లేదు కదా. మరెందుకు పడింది?”

దాదా చెప్పులు వేసుకోకుండానే గేటు దాకా నడిచివెళ్ళి, “దీదీ, ఆసున్,” అని, అంటే అక్కా రండి అని, రెండు చేతులూ చూపిస్తూ లోపలికి తీసుకొచ్చాడు. చిన్నత్త వచ్చి, సంచిలోంచి అద్దం తీసి బల్ల అంచున పరిచి, బండి దాని మీద పెట్టి ముందు చక్రాన్ని వేలితో నెమ్మదిగా తిప్పింది. తిరుగుతూ తిరుగుతూ ఒకచోట ముక్కు లేచింది, మళ్ళీ దిగింది. ఇంకోసారి తిప్పింది. అక్కడే లేచింది.

“ఇదిగో బావా. బొట్టు.”

గంధం ఎండి రాయిలా బిగిసింది. చక్రం తిరిగిన ప్రతిసారీ బొట్టంత ఎత్తున బండి ముక్కు ఎగురుతోంది. తిన్నటి దారిలో నాలుక మళ్ళీ గాడిలో పడుతోంది, వంపులో పడే తీరిక ఉండటం లేదు. చిన్నత్త కొంగు తడిపి తుడవబోయింది. ఇంతలో వెనకనుంచి ఎవరో ఆడమనిషి, “అయ్యో, పూజ సేసిన బొట్టమ్మా, తుడవకూడదు!” అని కేక వేసింది.

చిన్నత్త తలెత్తింది.

“నాది తుడిసినప్పుడు ఎవులూ అడ్డం రాలేదే.”

అని, చక్రం మీది గంధాన్ని తుడిచేసింది. ఆ తెల్ల కొంగు చివర ఎర్రటి మరక పడింది. మామ్మ అడుగులో అడుగు వేసుకుంటూ బల్ల దగ్గరికి వచ్చింది. ఒకప్పుడు ఆ కూతురి నుదురు తుడిచింది ఆవిడ చేతులే. బండి అందుకుని, “రెండోదాన్ది నేను తుడుస్తాను, ఇలా తే,” అని, తన కొంగుతో, ఎంతో జాగ్రత్తగా, చంటిపిల్ల మూతి తుడిచినట్టు, రెండో చక్రం తుడిచి కూతురి చేతికిచ్చింది.

పందెం జరిగింది. మా బండి ఒక్కసారి కూడా గాడి తప్పలేదు. గెలిచాం అని రాయాలని నాకూ ఉంది కాని గెలవలేదు, ఊళ్ళోనే ఇందా పేట కుర్రాళ్ళ మోటారు మాకంటే జోరైనది, మాది రెండో స్థానం. ఆ రోజు రెండో స్థానానికి మా వాళ్ళు చేసిన గోలకి గాలిపటాలు ఎగరేసేవాళ్ళు కూడా మేడలు దిగి వచ్చారు.

ఆ తరవాత మా హాల్లో కొలత మారిపోయింది. ముక్కు ఎంత లేచిందిరా అంటే బొట్టంత అనేవారు, అరబొట్టు దించు అనేవారు. బెంగాలీలూ అదే మాట వాడారు. ఊళ్ళోని జట్లన్నీ ముందు చక్రాలు పట్టుకుని చిన్నత్త అద్దం ముందు వరస కట్టేవి. మావయ్య పూజ మానలేదు, బొట్టు మాత్రం రబ్బరు మీంచి బండి కప్పు మీదికి మార్చాడు. బియ్యం డబ్బా వెనక సీసాలో రంగు ఇంకా మిగిలి ఉండగానే ఒకరోజు చిన్నత్త కాలిగోళ్ళు ఎర్రగా కనిపించాయి. ఎవరో పలకరిస్తే మామ్మే జవాబు చెప్పింది, “బండికేసి మిగిలిందే కదా, పారబోసుకుంటామా ఏటి?”

ఇప్పుడు ఆ బల్ల లేదు, చెదలు తినేశాయి. హాల్లో విందులు జరుగుతున్నాయి. మావయ్య, మామ్మ, దాదా ఎవరూ లేరు. చిన్నత్త ఇందాలో ఉంటోంది, చూపు మందగించింది, చెవి మాత్రం మహా చురుకు. ఆడపిల్లలు తమ కార్లు తామే కొనుక్కుంటున్నారు, మా రోజుల్లో ఇది కలలోకైనా రాలేదు, నేను సంతోషించకపోతే కృతఘ్నుణ్ణి. అయినా ఆ తలుపు సందు మాత్రం అలాగే ఉంది. అప్పుడు గుసగుసలతోనైనా లోపలికి నెట్టేవారు, ఇప్పుడు ఆ గుసగుస కూడా అక్కర్లేకుండా మనుషులు తమంత తామే వెళ్ళిపోతున్నారు. నాకు గుబులు పుట్టించేది అదే.

పోయిన నెల ఆ ఎర్ర కారు పూజ రోజున మాత్రం నేను స్టూలెక్కలేదు. చేతికర్ర పుచ్చుకుని పక్కింటి గేటు దాకా వెళ్ళి, కారు తాళం ఆడిస్తున్న ఆ పిల్లని, “మీ నాయనమ్మ ఏదమ్మా?” అని మాత్రం అడిగాను. ఆ పిల్ల చుట్టూ చూసింది. తలుపు సందులోని కొంగు చూసింది. ముఖం ఎర్రబడింది. గబగబా లోపలికి వెళ్ళి, వద్దు వద్దంటున్న ముసలావిణ్ణి చెయ్యి పట్టి నడిపించుకొచ్చి, తాళం ఆవిడ చేతిలో పెట్టి, ముందు సీట్లో కూర్చోబెట్టింది. నిమ్మకాయలు నలిగాయి. కారు వీధి చివరి వంపు తిరిగి, చక్కగా వెళ్ళి, చక్కగా తిరిగొచ్చింది. నేను వెంటనే చిన్నత్తకి ఫోన్ చేసి అంతా చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగింది.

“బొట్టెక్కడెట్టినార్రా, రబ్బరు మీదేనా?”

ఇక మీ వంతు. పరీక్ష ఎలా చేయాలో చిన్నత్త చూపించింది, ఫలితం చెప్పాను, నమ్మకపోతే మీరే చేసి చూడండి. ఈసారి మీ ఇంటి ముందు కొత్త బండి ఆగినప్పుడు, కొబ్బరికాయ కొట్టకముందే లోపలికి వెళ్ళండి. తలుపు తెరవండి. దాని వెనక నిలబడిన మనిషిని బయటికి పిలిచి, తాళం ఆవిడ చేతిలో పెట్టండి. అంతవరకూ బండి కదలనివ్వకండి.